మెడపట్టీ

గోడ మీద మొదటి వాక్యం వెలిగినప్పుడు సన్యాసిరావు నోరు తెరవలేదు. పెదవులు కూడా కదపలేదు. మెడ చుట్టూ నల్లటి పట్టీ పెట్టుకుని, ఎదురుగా ఉన్న తెల్లగోడ వైపు చూస్తూ కూర్చున్నాడంతే. గోడ మీద అక్షరాలు వరసగా వచ్చాయి.

"ఈ కుర్చీ ఎత్తు తక్కువ. నడుం పట్టేస్తోంది. రత్నం, ఇంకా ఎంతసేపు?"

పైడిరత్నం నవ్వబోయింది కానీ కళ్లనీళ్లు వచ్చేశాయి. అన్నయ్య మూడు వాక్యాలు ఎక్కడా ఆగకుండా చెప్పడం ఆమె పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

సన్యాసిరావుకు నత్తి. అందులోనూ 'స' దగ్గర మరీ కష్టం. "పేరు పెట్టేముందు నన్నొక మాట అడగాల్సింది" అని తల్లితో అనేవాడు. ఆ ఒక్కమాట అనేలోపు ఆవిడ పప్పు తాలింపు వేసేసేది. బాగా చదివాడు, విశాఖలో నీటి సరఫరా శాఖలో ఇంజనీరయ్యాడు. మీటింగుల్లో మాత్రం ఎప్పుడూ వెనకబడేవాడు. అతను నోరు తెరిచేసరికి చర్చ ఇంకో విషయానికి వెళ్లిపోయేది. తోటివాళ్లు చెడ్డవాళ్లేం కాదు, తొందర మనుషులు. అతని వాక్యం వాళ్లే పూర్తి చేసేవారు, చాలాసార్లు తప్పుగా. దాన్ని సరిదిద్దడానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది కాబట్టి తల ఊపేసేవాడు.

రత్నం రుషికొండ వైపున్న ఒక కంపెనీ పరిశోధనశాలలో పనిచేసేది. మనం మాటలతో ఆలోచించేటప్పుడు గొంతు కండరాలు కంటికి కనిపించనంత సన్నగా కదులుతాయి. ఆ కదలికను పట్టుకుని అక్షరాలుగా మార్చే పట్టీ ఆమె తయారుచేసింది. బల్ల కింద ప్రతి ఒక్కరికీ ఒక మీట ఉంటుంది. అది నొక్కితేనే మనసులోని మాట గోడ మీదికి వెళ్తుంది, లేదంటే వెళ్లదు. ఎవరి మాటో పేరు ఉండదు. ఒకలాంటి ఆలోచనలను యంత్రం పక్కపక్కన చేరుస్తుంది. అందరూ ఒకేసారి ఆలోచించవచ్చు, ఎవరూ ఎవరి మాటకూ అడ్డం రారు.

మొదటి ఏడాది అది పండగలా సాగింది. నీటి సరఫరా శాఖ పట్టీలు కొన్న మొట్టమొదటి ఆఫీసు. అక్కడ చీఫ్ ఇంజనీరు అరుంధతి గారు ఒకరోజు రత్నాన్ని పిలిచి టీ ఇప్పించారు. "ముప్ఫై ఏళ్లుగా మగవాళ్ల గొంతుల మధ్య నా గొంతు పెంచీ పెంచీ అరిగిపోయిందమ్మా. ఇప్పుడు అరవకుండా పని నడుస్తోంది" అన్నారు. సన్యాసిరావు ఆలోచనతో రెండు కాలనీలకు పైపు దారి మారింది. ఆ ఆలోచన ఎవరిదని అరుంధతి గారు అడిగితే అతను పట్టీ తీసి, చెయ్యెత్తి, "నా... నా... నాదే" అన్నాడు. ఆ సాయంత్రం ఇంటికి మిఠాయి పట్టుకెళ్లాడు.

చిక్కు వ్యాపారంలో వచ్చింది. కంపెనీ యజమాని చక్రధర్ ఒకరోజు రత్నాన్ని తన గదికి పిలిచాడు. అతను గట్టిగా మాట్లాడేవాడు కాదు, ఎప్పుడూ నవ్వుముఖమే.

"రత్నం గారూ, కొన్నవాళ్ల ఫిర్యాదు ఒకటే. గోడ నిండా ఆలోచనలు. ఏది తీసుకోవాలో తెలియక మీటింగులు మునుపటికంటే పొడుగవుతున్నాయట. మనవాళ్లకి కావలసింది ఆలోచనలు కాదండీ, నిర్ణయం."

"ఆలోచించడానికి కొంచెం సమయం పడుతుంది సార్."

"పట్టనివ్వండి, కానీ అందరూ ఒకవైపుకి వచ్చేలా ఏదైనా చిన్న సాయం చేయలేమా? బలవంతం ఏమీ వద్దు. భుజం తట్టినట్టు, అంతే."

అలా పుట్టింది 'ఊతం'. మీ మనసులోని మాట, గదిలో మిగతావాళ్ల మాటలతో కలిసిన క్షణంలో పట్టీ వెనకవైపు, మెడ మీద, గోరువెచ్చగా తగులుతుంది. చలిలోంచి వచ్చినవాడి మెడ మీద వెచ్చటి గుడ్డ వేసినంత హాయి. కలవకపోతే ఏమీ జరగదు. శిక్ష లేదు, శబ్దం లేదు. బిడియస్తులకు ధైర్యం వస్తుందని రత్నం అనుకుంది. నిజంగానే వచ్చింది. మీటింగులు సగానికి తగ్గాయి. విజయవాడ నుంచీ హైదరాబాదు నుంచీ ఆర్డర్లు వచ్చాయి. ఆస్పత్రులు కొన్నాయి, బ్యాంకులు కొన్నాయి. చక్రధర్ ఆమెకు విడిగా ఒక గది, దాని తలుపు మీద ఆమె పేరు ఏర్పాటు చేశాడు.

*

మొదట గమనించింది సన్యాసిరావు భార్య హేమలత. ఆమె స్కూల్లో లెక్కల టీచరు. ఒక ఆదివారం రత్నం భోజనానికి వెళ్తే వంటింట్లోకి లాగి మెల్లగా అంది:

"మీ అన్నయ్య నాతో పోట్లాడ్డం మానేశాడు."

"మంచిదేగా వదినా."

"ఏం మంచిది? చింతచిగురు పప్పులో ఇంగువ వేస్తే గిన్నె తోసేసే మనిషి. మొన్న కావాలనే వేశాను. బాగుంది అన్నాడు. మా తమ్ముడు వచ్చి ఈ ఇల్లు అమ్మేసి మధురవాడ పోదాం అంటే, సరే అన్నాడు. మర్నాడు నేను వద్దంటే, దానికీ సరే. నత్తితో అయినా గంటసేపు వాదించేవాడు రత్నం. ఆ వాదన వినలేక నేను బాల్కనీలోకి పోయేదాన్ని. ఇప్పుడు ఇల్లు చప్పగా ఉంది."

భోజనాల దగ్గర రత్నం అన్నయ్యనే చూస్తూ కూర్చుంది. హేమలత ఏదో అడిగినప్పుడల్లా అతను జవాబు చెప్పేముందు ఎడమచెయ్యి మెడ వెనక్కి పోతోంది. అక్కడ పట్టీ లేదు. వేళ్లతో ఒకసారి తడుముకుని, ఏదో దొరకనట్టు చెయ్యి దించి, "నువ్వు ఎలా అంటే అలా" అంటున్నాడు.

రత్నం కంచం పక్కకు జరిపింది. పరిశోధనశాలలో నెలల తరబడి పట్టీ వాడుతున్న తన సహోద్యోగులు కాగితం మీద సంతకం పెట్టేముందు మెడ వెనక చెయ్యి వేసుకోవడం ఆమె రోజూ చూస్తూనే ఉంది. అదేదో అలవాటనుకుంది.

*

ఆ వేసవిలో నగరానికి నీళ్లు చాలలేదు. కొండల మధ్య కొత్తగెడ్డ అనే పాత జలాశయం ఉంది. మట్టికట్ట. దాని కింద లోయలో ఒక పెద్ద కాలనీ. వానలు రాకముందే కట్టను రెండు మీటర్లు ఎత్తు పెంచితే వచ్చే ఏడాదికి ఇబ్బంది ఉండదని శాఖ ఆలోచన. సన్యాసిరావు, ఇంకా నలుగురు ఇంజనీర్లు పొద్దున్నే వెళ్లి కట్టంతా తిరిగి చూశారు. మధ్యాహ్నం ఆఫీసులో పట్టీలు పెట్టుకుని కూర్చున్నారు. అరగంట గడవకముందే గోడ మీద ఆలోచనలన్నీ ఒకే గుంపుగా చేరాయి. పెంచవచ్చు. ఎవరికీ అభ్యంతరం లేదు. అందరి మెడలూ వెచ్చగా అయ్యాయి.

సాయంత్రం ఇంటికొచ్చి సన్యాసిరావు బయటి కుళాయి దగ్గర బూట్లు కడుగుతున్నాడు. అడుగుభాగంలో మన్ను అతుక్కుపోయి ఉంది. నీళ్లు పోస్తుంటే పసుపు రంగు బురద పాయలుగా జారింది. దాన్ని చూస్తూ అలాగే నిలబడిపోయాడు. కుళాయి పోతూనే ఉంది.

హేమలత వచ్చి కుళాయి కట్టింది. "ఏమైంది?"

అతను నోరు తెరిచాడు. మాట రాలేదు. ఇది నత్తి కాదని ఆమెకు తెలిసింది. నత్తి వచ్చినప్పుడు అతని దవడ బిగుసుకుంటుంది, కళ్లు మూతపడతాయి. ఇప్పుడు అలా లేదు. మనిషి భయపడిపోయి ఉన్నాడు. ఆమె వెంటనే రత్నానికి ఫోన్ చేసింది.

రత్నం వచ్చేసరికి అతను మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, బూట్లు పక్కన. చాలాసేపు ప్రయత్నించి చెప్పాడు. ముక్కముక్కలుగా వచ్చిన ఆ మాటల సారాంశం ఇది. కట్ట దిగువన, ఎండిపోయి ఉండాల్సిన చోట తడిగా ఉంది. మట్టికట్టలోంచి కాస్త నీళ్లు ఊరడం మామూలే, కానీ ఆ నీళ్లు తేటగా ఉండాలి. ఇక్కడ ఊరుతున్నది బురదనీరు. కట్ట లోపలి మన్నును నీళ్లు కొంచెం కొంచెంగా మోసుకుపోతున్నాయని దానర్థం. లోపల బొరియ పడుతోంది. ఎత్తు పెంచితే నీటి ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు కట్ట నిలవదు.

"పొద్దున అది చూడలేదా అన్నయ్యా?"

"చూ... చూశాను." అతను తల పైకెత్తాడు. "అం... అందులో కాలు పెట్టాను కూడా. చూశాను రత్నం. కానీ... అనుకోలేదు."

హేమలతకు అర్థం కాలేదు. రత్నానికి అర్థమైంది. ఆమె కూడా మెట్ల మీద కూర్చుంది. గదిలో మరెవరికీ రాని ఆలోచనకు వెచ్చదనం దొరకదు. నెలల తరబడి దొరకకపోతే గొంతు ఆ మాట కట్టడం మానేస్తుంది. మీట నొక్కాలా వద్దా అనే ప్రశ్న దాకా కూడా అది రాదు. కళ్లు చూస్తాయి, మాట మాత్రం పుట్టదు.

*

మర్నాడు పరిశోధనశాలలో రత్నం ఒక చిన్న పరీక్ష పెట్టింది. ఒక స్కూలు భవనం నమూనా తయారుచేసి, పై అంతస్తు పిల్లలు దిగడానికి ఒకే మెట్లదారి ఉంచి, దాని తలుపు లోపలికి తెరుచుకునేలా పెట్టింది. పట్టీలు బాగా అలవాటైన వాళ్లను ఒక్కొక్కరిగా, పట్టీ లేకుండా, ఆ నమూనా ముందు కూర్చోబెట్టి ఏమైనా తప్పు ఉందా అని అడిగింది. అందరూ శ్రద్ధగా చూశారు, మెడ వెనక తడుముకున్నారు, బాగానే ఉంది అన్నారు. తర్వాత క్యాంటీన్ వాళ్లనీ, కొత్తగా చేరిన ఉద్యోగులనీ పిలిచింది. వాళ్లలో ఎక్కువమంది కూర్చోకముందే అడిగారు, "మంటలంటుకుంటే పిల్లలెలా దిగుతారండీ?"

ఆ ఫలితాలు తీసుకుని ఆమె చక్రధర్ దగ్గరికి వెళ్లింది. అతను చివరిదాకా ఓపిగ్గా విన్నాడు.

"ఊతం తీసేయాలి సార్. అన్ని ఆఫీసుల్లోనూ, ఇవాళే."

"తీసేస్తే మనం అమ్మేది ఏముంది రత్నం గారూ? గొంతులోని మాట చదివే పట్టీలు ఇంకో రెండు కంపెనీలు చేస్తున్నాయి. మనవి కొంటున్నది ఊతం కోసం."

"మనుషులు ఆలోచించడం మానేస్తున్నారు."

"గొడవపడడం మానేస్తున్నారు. రెండూ ఒకటి కాదు." అతను కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "కొత్తగెడ్డ కట్ట మీద మీ అన్నయ్యవాళ్ల చివరి మీటింగ్ ఎల్లుండి కదా. ఆ గదిలోని యంత్రం మీద మీరు చెయ్యి వేస్తే నేను కోర్టుకు వెళ్తాను. దయచేసి ఆ పని చేయకండి."

ఆమె కిందికి వచ్చి స్కూటీ స్టార్ట్ చేసి నేరుగా అన్నయ్య ఆఫీసుకు వెళ్లింది. నీటి పైపుల గుట్ట పక్కన నిలబడి తాను చేయబోయేది చెప్పింది. ఎల్లుండి మీటింగ్ మధ్యలో యంత్రాన్ని ఆపేస్తుంది. దాన్ని ఎలా ఆపాలో ఆమెకు తెలుసు.

సన్యాసిరావు అడ్డంగా తలాడించాడు.

"ను... నువ్వు ఆపితే యంత్రం చెడిపోయిందంటారు. బా... బాగుచేసి మళ్లీ కూర్చుంటారు. కా... కాగితం రాసిస్తే, గోడ చూసి పక్కన పెట్టేస్తారు. నేను తీసేస్తే, నేను తీశానంటారు."

"పట్టీ లేకుండా అంత విషయం నువ్వు... చాలాసేపు పడుతుంది అన్నయ్యా. వాళ్లు ఆగరు."

"ఆ... ఆగుతారు."

"ఆగకపోతే?"

అతను ఆమె వైపు చూశాడు. చాలా నెలల తర్వాత ఆ ముఖంలో పాత మొండితనం కనిపించింది. ఇంగువ గిన్నె తోసేసే మనిషి ముఖం అది.

*

ఆ రోజు బల్ల చుట్టూ పన్నెండుమంది ఉన్నారు. యంత్రం బాగోగులు చూసే మనిషిగా రత్నానికి మూలన ఒక కుర్చీ ఎప్పుడూ ఉంటుంది. పనికి ఆమోదం చెప్పే చివరి మీటింగ్ అది. అందరూ పట్టీలు పెట్టుకున్నారు. సన్యాసిరావు మాత్రం తన పట్టీని చేతిలోకి తీసుకుని, బల్ల మీద పెట్టి, లేచి నిలబడ్డాడు.

"నా... నాకు..."

అక్కడే ఆగిపోయింది. దవడ బిగుసుకుంది. గదిలో కుర్చీలు కిర్రుమన్నాయి. కాంట్రాక్టరు తరఫున వచ్చిన పెద్దమనిషి మర్యాదగానే అన్నాడు, "సార్, పట్టీ పెట్టుకోండి. క్షణంలో అయిపోతుంది."

"అ... అందుకే పెట్టుకోను."

ఇంకో ఇంజనీరు సాయం చేయబోయాడు. "ఎత్తు విషయమా సార్? ఖర్చు గురించి అంటున్నారా?"

"కా... కాదు. నా మాట నన్నే పూర్తి చేయనివ్వండి."

ఆ వాక్యం పూర్తికావడానికి ఎంతసేపు పట్టిందంటే, మధ్యలో ఇద్దరు ఫోన్లు తీసి చూసుకుని మళ్లీ లోపల పెట్టుకున్నారు. అతను ఆపలేదు. కట్ట దిగువన తడి అని చెప్పాడు. ఏ వైపునో చెప్పాడు. 'బురద' అనే మాట దగ్గర 'బ' మీద చిక్కుకుని, దాన్ని వదిలేసి ఇంకో మాట వెతుక్కోకుండా, అదే మాటను పట్టుకుని బయటికి లాగాడు. చొక్కా వీపున తడిసిపోయింది. రత్నం తన చేతివేళ్లు ఒకదాంట్లో ఒకటి పెట్టి నలుపుకుంటూ కూర్చుంది. మాట అందించాలని గొంతులోకి వచ్చినా మింగేసింది.

గోడ మీద యంత్రం తన పని తాను చేస్తూనే ఉంది. మిగతా పదకొండుమంది ఆలోచనలు అక్కడ వెలుగుతున్నాయి: ఆమోదించవచ్చు. పని మొదలుపెట్టవచ్చు. ఆమోదించవచ్చు.

కాంట్రాక్టరు మనిషి గోడ చూపించాడు. "మేడమ్, అందరూ ఒప్పుకున్నట్టే కదా."

అరుంధతి గారు గోడ వైపు చూశారు. తర్వాత నిలబడి చెమటలు కక్కుతున్న మనిషి వైపు చూశారు. ఆమె చెయ్యి మెడ వెనక్కి వెళ్లింది. అక్కడ వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం మీద చెయ్యి ఉంచి ఒక్క క్షణం ఆగి, పట్టీ కొక్కెం విప్పేశారు.

"సన్యాసిరావు గారూ, బురదనీరు మీరు స్వయంగా చూశారా?"

"నా... నా బూట్లకు అంటింది మేడమ్."

బల్ల చివర కూర్చున్న చిన్న ఇంజనీరు, ప్రభావతి అనే అమ్మాయి, తన పట్టీ తీసి రెండు చేతులతో పట్టుకుంది. ముఖం పాలిపోయింది.

"నేనూ చూశాను మేడమ్. కాలు జారబోతే సార్ భుజం పట్టుకున్నాను కూడా. మరి నాకెందుకు... నాకు గుర్తే లేదు. ఇప్పుడు సార్ అంటుంటే కనిపిస్తోంది."

ఆమోదం మీద ఆ రోజు సంతకం పడలేదు. అరుంధతి గారు మనుషులను పంపి కట్ట దిగువన తవ్వించారు. తడి ఉన్నచోట గజం లోతున ఒక బొరియ బయటపడింది. తవ్విన మనిషి చెయ్యి భుజం దాకా దూర్చినా అడుగు తగల్లేదు. జలాశయంలో నీటిమట్టం దించి, వానలు పడేలోపు కట్టను బాగుచేశారు. ఎత్తు పెంచే పని అక్కడితో ఆగిపోయింది. లోయలోని కాలనీవాళ్లు ఆ వేసవంతా నీళ్లు సరిగా రావడంలేదని శాఖను తిట్టుకున్నారు. వాళ్లకు అంతకుమించి తెలియదు.

*

చక్రధర్ రత్నాన్ని పిలిచి ఒక ప్రకటన ముందుపెట్టాడు. కొత్తగెడ్డ మీటింగులో యంత్రం సక్రమంగా పనిచేసిందని అందులో ఉంది. దాన్ని తయారుచేసిన మనిషిగా ఆమె సంతకం కావాలి.

"ఇది నిజమే కదా" అన్నాడు.

"నిజమే. ఇంకొక్క వాక్యం చేరిస్తే పెడతాను. సక్రమంగా పనిచేయడమే దీని ప్రమాదం, అని."

చక్రధర్ మొదటిసారి నవ్వకుండా ఆమెను చూశాడు. ఆమె తన గది తలుపు మీది పేరు పలకను తానే ఊడదీసి బల్ల మీద పెట్టి వచ్చేసింది. పట్టీ మీద హక్కులన్నీ కంపెనీవే. దాని గురించి బయట మాట్లాడకూడదని నోటీసు వచ్చింది. ఆమె మాట్లాడింది. ఆస్పత్రులకు వెళ్లింది, బ్యాంకులకు వెళ్లింది, స్కూలు నమూనా చంకన పెట్టుకుని పిలిచినచోటికీ పిలవనిచోటికీ వెళ్లింది. కొందరు విన్నారు. ఎక్కువమంది విని, మెడ వెనక తడుముకుని, ఆలోచిస్తాం అన్నారు. కంపెనీ ఆమె మీద కేసు వేసింది, వాయిదాలు నడుస్తున్నాయి. ప్రతి వాయిదాకూ ఆమె ముందువరసలో కూర్చుంటుంది.

హేమలత ఇంట్లో మళ్లీ గొడవలు మొదలయ్యాయి. ఒకరోజు రత్నం మెట్లెక్కుతుంటేనే వినిపించింది. మధురవాడ వెళ్లడం ఎందుకు తెలివితక్కువ పనో అన్నయ్య వివరిస్తున్నాడు. అడుగడుగునా ఆగుతూ, ఆగినచోట నేల తన్నుతూ. హేమలత బాల్కనీలోకి పోలేదు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, ప్రతిమాటకూ జవాబు చెబుతోంది.

వానాకాలం అయ్యాక అరుంధతి గారికి బదిలీ అయింది. కొత్తగా వచ్చిన చీఫ్ ఇంజనీరుకు తొందర ఎక్కువ. అరుంధతి గారు అల్మారాలో పెట్టించిన పట్టీలను అతను మళ్లీ తీయించి ఒక నియమం పెట్టాడు. పట్టీ పెట్టుకునేవాళ్లు ఎంతసేపైనా ఆలోచన చెప్పవచ్చు. వద్దనేవాళ్లకు నోటితో చెప్పడానికి ఐదు నిమిషాలు.

మొదటి మీటింగుకు సన్యాసిరావు ఉత్త మెడతో వచ్చాడు. ప్రభావతి కూడా. మిగతావాళ్లందరి మెడలకూ పట్టీలున్నాయి. ఆ రోజు విషయం పెద్దదేమీ కాదు. ఒక వీధిలో పాత పైపుల బదులు ఎంత వెడల్పు పైపులు వేయాలన్నది. గోడ మీద అప్పటికే ఏకాభిప్రాయం వచ్చేసింది.

సన్యాసిరావు లేచాడు. చీఫ్ ఇంజనీరు చేతి గడియారం చూసుకున్నాడు. ఐదు నిమిషాలు గడిచేసరికి రెండు వాక్యాలు పూర్తయ్యాయి.

"మీ సమయం అయిపోయిందండీ."

"నా... నా మాట అవలేదు."

"నియమం అందరికీ ఒకటే."

"ని... నియమం మీది. వీధి వాళ్లది. మీకు పనుంటే వెళ్లండి సార్. నేను చె... చెప్పడం ఆపను."

చీఫ్ ఇంజనీరు లేచాడు. అతని వెనకే ఐదారుగురు లేచారు. తలుపు దగ్గరికి వెళ్లి ఒకతను ఆగి, గోడకు చేరబడి నిలబడ్డాడు. ప్రభావతి తన కుర్చీని ముందుకు జరుపుకుంది.

"చెప్పండి సార్. మూడో ఇంటి మలుపు దగ్గర ఆగారు."

సన్యాసిరావు గుండెనిండా గాలి పీల్చుకున్నాడు. మలుపు దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాడు.